దస్తర్‌ఖాన్ దగ్గర చోటు

నేను దుబాయ్‌లో దిగింది 2018 ఏప్రిల్‌లో. మే 17న రంజాన్ మొదలైంది. ఎండాకాలంలో పగలు పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని అక్కడ రూలుంది గానీ, అది జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకే. ఆ ఏడు ఈద్ కూడా సరిగ్గా జూన్ 15నే వచ్చింది. అంటే రోజా, అదే ఉపాసం, ఉన్నవాళ్లకు ఆ నెలంతా రూలు నీడ లేదు. రంజాన్‌లో మాత్రం రోజుకు రెండు గంటల పని తగ్గించాలి, ఉపాసం ఉన్నా లేకున్నా అందరికీ. ఆరింటికి ఎక్కితే పన్నెండింటికి దిగాలి. స్లాబు పని వెనకబడిందంటే ఓటీ అనేవాళ్లు, రెండు దాటేది.

నాది ఇనుము కట్టే పని. కాగితాల మీద స్టీల్ ఫిక్సర్. నిప్పర్ పట్టుకుని బైండింగ్ వైరుతో చువ్వకూ చువ్వకూ ముడేసుకుంటూ పోవడమే. చేతికి గ్లౌజులున్నా పదకొండు దాటితే ఇనుము కాలుతుంది. జగిత్యాల దగ్గర మా ఊళ్లో రోహిణి ఎండలకు మడి దున్నినవాణ్నే, అయినా మొదటి వారం రెండుసార్లు కళ్లు తిరిగాయి.

మా లేబర్ క్యాంపు సోనాపూర్‌లో. పేరుకు బంగారు ఊరు. రూముకు ఎనిమిది మందిమి, కింద నలుగురు, పైన నలుగురు. మాతోపాటు సైటులో ఒక పఠాన్ ఉండేవాడు, పెషావర్ వైపు మనిషి. యాభై దాటి ఉంటాయి. అందరికీ చాచానే.

ఉపాసం తెల్లవారుజామున నాలుగింటికి మొదలై సాయంత్రం ఏడు దాటాకే విడిచేది. పదిహేను గంటలు మంచినీళ్లు కూడా లేకుండా ఇనుము మీద! అప్పట్లో పగటిపూట నలుగురిలో తినడం, తాగడం చట్టప్రకారం కూడా తప్పే. అందుకని మేం నీళ్ల ట్యాంకు వెనక్కి పోయి తాగొచ్చేవాళ్లం. ఒకరోజు చాచా పిలిచాడు. "నువ్వు దాక్కుని తాగొస్తుంటే నాకు ఇంకా దాహమవుతున్నది. ఎట్లాగూ తాగుతున్నావని నాకు తెలుసు కదా, ఆ చాటేదో ఇక్కడే పెట్టుకో, నడక తగ్గుతది" అన్నాడు. నవ్వొచ్చింది గానీ నేను మాత్రం ట్యాంకు వెనక్కే పోయాను.

మూడో రోజో నాలుగో రోజో, ఎవరు మొదలుపెట్టారో తెలియదు, పని మారిపోయింది. రోజా ఉన్నవాళ్లు పది దాటగానే కింద రేకుల షెడ్డులోకి పోయి చువ్వలు వంచే పని చేసేవాళ్లు. పైన ఎండలో ముడులేసే పని మేం చూసుకునేవాళ్లం. మేమంటే సిరిసిల్ల అన్న, ఇద్దరు నేపాలీలు, నేను. ఎవరూ ఎవరినీ అడగలేదు. ఫోర్‌మన్ మలయాళీ, రిజిస్టర్‌లో మా పేర్లు పాత చోటనే రాసుకుని చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడాన్ని కూడా నేను సాయం కిందే రాసుకున్నాను.

అసలు చెప్పాలనుకున్నది సాయంత్రం సంగతి.

క్యాంపు పక్క మసీదు ముందు పెద్ద టెంటు వేశారు. పొద్దు వాలేసరికి నేల మీద పొడుగ్గా ప్లాస్టిక్ షీటు పరిచి, మనిషికి ఒక నీళ్ల సీసా, ఒక లబన్ (మజ్జిగ) డబ్బా, మూడు ఖర్జూరాలు పెట్టుకుంటూ పోయేవాళ్లు. దాన్ని వాళ్లు సుఫ్రా అంటారు, మనవైపు దస్తర్‌ఖాన్. ఇట్లాంటి టెంట్లు ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు వేసుకోవడానికి లేదు, పర్మిషన్ ఉండాలి. అది తెలిశాక దాని వెనక ఎంత తిరుగుడు ఉంటుందో అర్థమైంది.

మొదట్లో నేను ఆ దారిన పోలేదు. సిరిసిల్ల అన్న రమ్మంటే, "మనం ఉపాసం ఉన్నమా ఏందన్నా, పోయి కూసుంటానికి" అన్నాను. అది పైకి చెప్పిన మాట. ఏజెంటుకు కట్టిన అప్పు నూటికి రెండు రూపాయల మిత్తితో పెరుగుతోంది. నేను సంపాదించి పంపడానికి వచ్చినవాణ్ని, ఉచితంగా పెట్టేచోట వరసలో కూర్చోవడమేందని లోపల ఒకటే కుమిలేవాణ్ని.

దానికితోడు ఆ నెలలోనే కంపెనీ జీతాలు ఆపింది. మే జీతం జూన్‌లో రాలేదు, రెండూ కలిపి జూలైలో వేశారు. బఖాలా (కిరాణా కొట్టు) అతను మా రూము పేరుతో పుస్తకంలో రాసుకుని బియ్యం, పప్పు ఇచ్చేవాడు. నోటు పుస్తకం నిండి ఇంకోటి తీశాడు గానీ ఒక్కనాడూ 'ఎప్పుడిస్తరు' అని అడగలేదు. అడగనందుకే ఇంకా సిగ్గయ్యేది. ఒక సాయంత్రం రూములో ఉల్లిగడ్డ తప్ప ఏమీ లేదు. అప్పుడు పోయాను.

టెంటు వాకిట్లో నిలబడ్డాను, లోపలికి అడుగు పడలేదు. చాచా చూసి కొంచెం జరిగి చోటు చేశాడు. "బైఠో." నేను హిందువునని, రోజా లేనని చెప్పాను. ఆయన చేత్తో షీటు మీద తట్టి అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తు. "నీకు ఆకలి లేకపోతే లేకపోనీ. పెట్టేవాడు సవాబు కోసం, పుణ్యం కోసం పెడుతున్నడు. నువ్వు వాపస్ పోతే వాడికి ఒకటి తక్కువైతది. వాడి లెక్క ఎందుకు చెడగొడతవు?"

నేను తీసుకుంటే వాళ్లకు మేలని ఆయన లెక్క. మర్యాదకు అన్నాడో నిజంగా నమ్మి అన్నాడో అడగలేదు. కూర్చున్నాను.

అజాన్ వినపడేదాకా ఎవరూ ఖర్జూరం ముట్టలేదు. వందల మంది, ఎదురుగా తిండి, అయినా సప్పుడు లేదు. అజాన్ మొదలైంది, సీసాల మూతలు ఒక్కసారే టకటకా విప్పిన సప్పుడు. తర్వాత పెద్ద తాంబాలంలో బిర్యానీ, ఒక్కోదాని చుట్టూ ఐదుగురు. మా తాంబాలం దగ్గర చాచా, ఒక బంగ్లాదేశీ, ఇద్దరు ముక్కూమొహం తెలియనివాళ్లు, నేను. అందరి చేతులూ అందులోనే. మా ఊళ్లో ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో కొందరికి గ్లాసు వేరే. మా ఇంట్లో కూడా వేరే ఉండేదని అక్కడ కూర్చుని గుర్తుకొచ్చింది. బంగ్లాదేశీ కుర్రాడు మాంసం ముక్క తుంచి నావైపు జరిపాడు, మొహం కూడా చూడలేదు. కందూరా, అంటే అక్కడివాళ్లు వేసుకునే పొడుగు తెల్ల చొక్కా, వేసుకున్న ఒక పెద్దాయన జగ్గుతో వరస పొడుగునా వంగి లబన్ పోసుకుంటూ పోయాడు. ఆయనే పెట్టించినవాడని తర్వాత తెలిసింది. నా పేరు, ఊరు, మతం ఏదీ అడగలేదు. డబ్బా ఖాళీ అయిందా లేదా, అంతే చూశాడు.

అన్నీ ఇట్లాగే ఉంటాయని కాదు. సిగ్నళ్ల దగ్గర అజాన్ వేళకు పొట్లాలు పంచుతారు. ఉపాసం విడవడానికి ఇంటికి చేరాలని కార్లు ఆదరాబాదరా నడిపి యాక్సిడెంట్లు చేసుకుంటారు కాబట్టి, ఆగిన చోటే నీళ్లు, ఖర్జూరం అందిస్తే ఆ తొందర తగ్గుతుందని. మంచి ఆలోచన. ఒకసారి మా బస్సు ఎక్కి పొట్లాలిచ్చిన కుర్రాళ్లలో ఒకడు మాత్రం పొట్లం వదలకుండా, మేం నవ్వేదాకా ఫోను పట్టుకుని నిలబడ్డాడు. చాచా తలపాగా కొస మొహం మీదికి లాక్కున్నాడు. బస్సు కదిలాక పొట్లం విప్పి మామూలుగానే తిన్నాడు. జీతం ఆపిన కంపెనీ కూడా ఈద్ ముందు మనిషికో మిఠాయి డబ్బా పంచింది. అదీ తిన్నాం. దాన్ని ఈ లెక్కలో కలపలేదు.

అక్టోబర్‌లో దసరా గురువారం పడింది. మాకు సెలవు లేదు. ఆ రోజు చాచా పొద్దున్నే మా దగ్గరికొచ్చి, "మీ పండుగట కదా, పన్నెండు తర్వాత మీరు షెడ్డులోకి పోండి" అని నిప్పర్ తీసుకుని పైకెక్కాడు. సిరిసిల్ల అన్న ఆయనకు ఎప్పుడు చెప్పాడో నాకు తెలియదు.

రాత్రి రూములో మలీద చేశాం. సద్దుల బతుకమ్మకు అమ్మ చేసేది, పీర్ల పండుగకూ చేసేది. రొట్టె చేసే తీరిక లేక క్యాంపు బయట పఠాన్ల తందూరు నుంచి రొట్టెలు తెచ్చి, వేడి మీదనే చిదిమి, బెల్లం, నెయ్యి కలిపి ముద్దలు కట్టాం. గిన్నె పట్టుకుని చాచా రూముకు పోయాను. వాసన చూసి "మలీదా!" అన్నాడు, నేను పేరు చెప్పకముందే. వాళ్ల ఊళ్లోనూ ఇదే పేరట. వాళ్లమ్మ బెల్లానికి బదులు చక్కెర వేసేదట.

ఒక ముద్ద తిన్నాడు. ఇంకోటి తీసుకుని పేపర్లో చుట్టి దిండు పక్కన పెట్టాడు. నైట్ డ్యూటీకి పోయిన బంగ్లాదేశీ కుర్రాడికట.