అంకె, దాని పక్కన బాణం

నేను షుగర్‌కు ఇన్సులిన్ వేసుకుంటాను. చేతికి అంటించుకున్న సెన్సర్ రోజంతా షుగర్ అంకెను, పక్కన అది ఎటు పోతోందో చెప్పే బాణాన్ని చూపిస్తుంది. పొద్దున లేవగానే దాని రాత్రి గ్రాఫ్ చూశాను. మూడింటి దగ్గర గీత 112 నుంచి ఒక్కసారిగా 58కి పడి, కాసేపటికి ఏమీ తినకుండానే 109కి లేచింది. నిజంగా షుగర్ పడిపోయినప్పుడు గీత ఇంత నిటారుగా దిగి, ఇంత నిటారుగా ఎక్కడం అరుదు. సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే, ఆ ఒత్తిడికి చర్మం కింది ద్రవం కదలిక తగ్గి ఇలాంటి తప్పుడు ‘లో’ (షుగర్ పడిపోయినట్టు చూపడం) వస్తుంది. అలారం మోగితే పక్కకు తిరిగి, వేలి రక్తంతో మీటర్‌లో చూసుకోవాలి. చెమటలు, వణుకు ఉంటే మాత్రం మీటర్ కోసం వెతుక్కోకూడదు, ముందు గ్లూకోజ్ నోట్లో వేసుకోవాలి.

నాలుగు దాటాక గీత మెల్లగా పైకి వంగింది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ లాంటి హార్మోన్లు పెరిగి కాలేయం గ్లూకోజ్ వదులుతుంది కాబట్టి ఇది చాలామందిలో ఉండేదే. ఒక్క రాత్రి చూసి బేసల్ డోసు (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్) మార్చడం తొందరపాటు. వరసగా మూడు నాలుగు రోజులు అదే వేళకు అదే వంపు కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి.

తినే ముందు 138, బాణం అడ్డంగా ఉంది, అంటే షుగర్ నిలకడగా ఉంది. ఇన్సులిన్ వేసుకుని పావుగంట ఆగాను. త్వరగా పనిచేసే రకానికి కూడా పని మొదలవడానికి 10 నుంచి 20 నిమిషాలు, పూర్తి జోరు అందుకోవడానికి గంట పైనే పడుతుంది. తిన్న పిండిపదార్థం అంతసేపు ఆగదు. అయితే అంకె 75 ఉండి బాణం కిందికి చూస్తుంటే ఇలా ఆగకూడదు.

రెండు గంటల తర్వాత 214. చెయ్యి ఇన్సులిన్ పెన్ను మీదికి పోయేది ఇక్కడే. ఒక యూనిట్ 50 తగ్గిస్తుందనుకుంటే రెండు యూనిట్లు చాలనిపిస్తుంది. కానీ పొద్దున వేసిన 6 యూనిట్లలో సగం దాకా ఇంకా ఒంట్లో పనిచేస్తూనే ఉంది, దాని ప్రభావం నాలుగు గంటల వరకూ ఉంటుంది. బాణం అడ్డానికి తిరిగింది, అంటే ఎక్కడం ఆగింది. ఈ సమయంలో డోసు మీద డోసు వేస్తే మధ్యాహ్నానికి రెండూ కలిసి షుగర్‌ను ‘లో’కి లాగేస్తాయి. అందుకే ఆగాను.

సాయంత్రం నడకలో 84, బాణం నిటారుగా కిందికి. కొన్ని పరికరాల్లో దీని అర్థం షుగర్ నిమిషానికి 2 నుంచి 3 పాయింట్లు (మి.గ్రా./డె.లీ.) తగ్గుతోందని. ఇదే వేగం సాగితే పావుగంటలో ఇంకో 30 నుంచి 45 పోతుంది. 70 కిందికి దిగేదాకా చూస్తూ కూర్చోవడం అర్థం లేని పని. నడక ఆపి, ఒక్కోటి 4 గ్రాములుండే గ్లూకోజ్ మాత్రలు నాలుగు నమిలాను. 15 నిమిషాలయ్యాక సెన్సర్‌లో 66, మీటర్‌లో 91. రెండూ తప్పు కాదు. సెన్సర్ కొలిచేది రక్తాన్ని కాదు, కణాల మధ్య ఉండే ద్రవాన్ని. గ్లూకోజ్ ముందు రక్తంలోకి వచ్చి, తర్వాత అక్కడికి చేరుతుంది. షుగర్ వేగంగా మారేటప్పుడు ఈ ఆలస్యం 5 నుంచి 15 నిమిషాలు ఉండొచ్చు. ‘లో’ నుంచి తేరుకునేటప్పుడు సెన్సర్ అంకెనే నమ్మి మళ్లీ మళ్లీ తినేవాళ్లే గంట తర్వాత 280 చూస్తారు. అందుకే ఆ పావుగంట తర్వాత చూడాల్సింది వేలి రక్తాన్నే అని గట్టిగా చెబుతాను.

నడిచిన రోజు రాత్రి కూడా షుగర్ పడొచ్చు, కండరాలు గ్లూకోజ్‌ను లాక్కుంటూనే ఉంటాయి. లో అలారాన్ని ఈ రాత్రికి 70 నుంచి 80కి పెంచాను. హై అలారం 250 దగ్గరే ఉంచాను. దాన్ని 180కి పెడితే తిన్న ప్రతిసారీ మోగుతుంది, విసిగిపోయి అన్నీ ఆపేస్తాం, అవసరమైనది కూడా వినపడకుండా పోతుంది.

రెండు వారాల రిపోర్టులో 70 నుంచి 180 మధ్య ఉన్న సమయం 71 శాతం. చాలామంది పెద్దవాళ్లకు పెట్టే లక్ష్యం 70 పైన. అంతకంటే నేను ముందు చూసేది 70 కింద గడిచిన సమయం. అది 4 శాతం లోపు ఉండాలి, 54 కింద 1 శాతం లోపు. ‘లో’లు పెంచుకుని సాధించిన మంచి సగటును మంచి అనలేను.

రేపు సెన్సర్ గడువు అయిపోతుంది. కొత్తది రెండో చేతి వెనకవైపు పెట్టాలి, ఇంజెక్షన్ల వల్ల గట్టిపడిన చోటు కాకుండా. స్పిరిట్‌తో తుడిచాక చర్మం పూర్తిగా ఆరాలి, తడి మీద అంటిస్తే అంచులు లేచిపోతాయి. మోడల్‌ను బట్టి అరగంట నుంచి రెండు గంటలు రీడింగ్ రాదు కాబట్టి భోజనానికి ముందో, నిద్రకు ముందో మార్చడం మంచిది కాదు. మొదటి 24 గంటలు అంకెలు కాస్త అటూఇటూ ఊగుతాయి. ఆ ఒక్క రోజూ డోసు వేసే ప్రతిసారీ మీటర్‌తో పోల్చి చూడాలి.