డయాబ్లో లేక్ దగ్గరే యూటర్న్ కొట్టకండి

సియాటెల్ చుట్టుపక్కల మనవాళ్ళు చాలామంది కొండల్లోంచి పోయే స్టేట్ రూట్ 20 హైవే ఎక్కేది పచ్చ కలిసిన నీలంరంగు డయాబ్లో లేక్ ఫోటో కోసమే. వ్యూ పాయింట్ దగ్గర కారాపుతారు, నాలుగు సెల్ఫీలు దిగుతారు, సరే ఇంక పోదాం పదండి అని వెనక్కి తిప్పేస్తారు. నన్నడిగితే ఆ రోడ్డు సంగతేంటో తెలిసేది అక్కణ్ణుంచి ముందుకెళ్తేనే.

వాషింగ్టన్ స్టేట్ హైవేలన్నిట్లో ఇదే పొడవైంది, 436 మైళ్ళు. పడమట డిస్కవరీ బే దగ్గర మొదలై, పోర్ట్ టౌన్‌సెండ్‌లో ఫెర్రీ ఎక్కి (ఆ ఫెర్రీ కూడా హైవేలో భాగమేనట, భలే ఉంది కదా), విడ్బీ ఐలాండ్ మీదుగా 1935లో కట్టిన డిసెప్షన్ పాస్ బ్రిడ్జి దాటి, అలా తూర్పుగా పోయి ఐడహో బోర్డర్‌లో న్యూపోర్ట్ దగ్గర ఆగుతుంది. మనం మామూలుగా సియాటెల్ మీదుగా పోయే ఐ-5 ఫ్రీవే దిగి బర్లింగ్టన్‌లో ఎక్కుతాం.

అక్కడంతా స్కాజిట్ నది తెచ్చిపోసిన ఒండ్రు నేల, బల్లపరుపుగా ఉంటుంది. ఏప్రిల్‌లో ట్యూలిప్స్ కోసం జనం ఎగబడతారు గానీ ఆ నేలలో బంగాళాదుంపలు, బెర్రీలు బాగా పండుతాయి, ఇంకా పాలకూర, బీట్‌రూట్, క్యాబేజీ లాంటివి తినడానికి కాకుండా విత్తనం కోసమే పెంచుతారు. సెడ్రో వూలీ దాటాక లోయ సన్నబడుతుంది, కొండలు దగ్గరికొస్తాయి, కాంక్రీట్ అనే ఊరొస్తుంది, ఒకప్పుడు సిమెంట్ ఫ్యాక్టరీలుండేవి కాబట్టి ఆ పేరు. మార్బుల్‌మౌంట్‌లో గ్యాస్ (అదే, పెట్రోల్) కొట్టించుకోండి, మళ్ళీ కొండలు దిగి మజామా చేరేదాకా దాదాపు 70 మైళ్ళు బంకు ఉండదు, ఫోన్ సిగ్నల్ కూడా చాలావరకు ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

ఆ తర్వాత సియాటెల్ కరెంటు కోసం కట్టిన మూడు డ్యాములు వరసగా వస్తాయి, గోర్జ్, డయాబ్లో, రాస్. డయాబ్లో నీళ్ళకి ఆ రంగు ఎందుకంటే పైన గ్లేసియర్లు రాతిని పిండిలా నూరేస్తాయి, ఆ పిండి నీళ్ళలో తేలుతూ ఉంటుంది, దానిమీద ఎండ పడితే ఆ రంగు. సరే, చూశారు కదా, పదండి.

ఇక్కణ్ణుంచి ఎక్కుడే. రెయినీ పాస్ (పాస్ అంటే కనుమ) 4,875 అడుగులు, మెక్సికో నుంచి కెనడా దాకా నడిచే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ వాళ్ళు రోడ్డు దాటేది ఇక్కడే. కాస్త ముందుకెళ్తే వాషింగ్టన్ పాస్, 5,477 అడుగులు, పక్కనే లిబర్టీ బెల్ అనే నిటారు రాతికొండ, దాని కిందనుంచి పెద్ద హెయిర్‌పిన్ మలుపు తిరిగి రోడ్డు దిగుతుంది. ఈ కనుమల మీదుగా బాట వేయాలని 1890ల్లోనే మొదలెట్టారు, కానీ కార్లు దాటింది 1972 సెప్టెంబర్‌లో! ఇప్పటికీ చలికాలం మూసేస్తారు, మామూలుగా నవంబర్, డిసెంబర్ నుంచి ఏప్రిల్, మే దాకా. మంచు తక్కువ పడిన 1976-77లో మాత్రం చలికాలమంతా తెరిచే ఉందట. మూసేది ఎత్తు వల్ల అనుకుంటాం గానీ కాదు, ఇదే హైవే మీద ఇంకా తూర్పున షెర్మన్ పాస్ 5,575 అడుగులు, దీనికన్నా ఎత్తు, అయినా ఏడాదంతా నడుస్తుంది. ఇక్కడ గొడవల్లా లిబర్టీ బెల్ మీంచి మంచు ఒక్కసారిగా రోడ్డుమీదికి జారిపడటం.

పాస్ దిగుతుంటే ఊళ్ళే మారిపోయినట్టుంటుంది. నాచు, ఫెర్న్‌లు, తడి అన్నీ పోయి, ఎడంగా నిలబడ్డ పాండెరోసా పైన్ చెట్లు, ఎండిన గడ్డి కొండలు. సముద్రం మీంచొచ్చే మబ్బులు పడమటి వైపే కురిసేసి ఇటుకొచ్చేసరికి ఖాళీ అయిపోతాయి, పడమటి కనుమలు దాటాక అనంతపురం పరిస్థితి ఏంటో మనకి తెలుసుగా, అదే ఇది. మెథావ్ లోయలో నీళ్ళు పెట్టినంత మేర పచ్చగా పశువుల గడ్డి, దాన్ని దాటి ఒక్క అడుగేస్తే బూడిదరంగు పొదలు. ఆ గీత గీసినట్టు స్పష్టంగా కనపడుతుంది, నాకు డయాబ్లో కన్నా అదే నచ్చింది. విన్‌త్రాప్ అచ్చం పాత కౌబాయ్ ఊరిలా ఉంటుంది, నిజానికి ఆ చెక్క ముఖాలు 1972లో, హైవే వస్తోంది టూరిస్టులొస్తారని పెట్టించుకున్నవి. ఇంకో కొండ దాటితే ఒకనాగన్, అక్కడ యాపిల్ తోటలు, కొండల మీద మంచు కరిగితేనే వాటికి నీళ్ళు.

వెళ్తే సెప్టెంబర్ చివర్లోనో అక్టోబర్ మొదట్లోనో వెళ్ళండి, పాస్ దగ్గర లార్చ్ చెట్లు పసుపెక్కి ఉంటాయి. ఆగస్టులో అయితే ముందు పొగ సంగతి చూసుకోండి, తూర్పువైపు అడవులు తగలబడితే కొండలు కాదు కదా ముందున్న కారు కూడా సరిగ్గా కనపడదు.