స్పానిష్ భూతకాలం: మాట వినని క్రియలతో ఎక్కడిదాకా వచ్చానంటే

మామూలు క్రియలు ఇప్పుడు తడుముకోకుండా వస్తున్నాయి. అబ్లే అంటే మాట్లాడాను, కొమీ అంటే తిన్నాను. ఇక మిగిలినవి మాట వినని క్రియలు, అంటే మామూలు పద్ధతిలో మారనివి. పూటకోసారి పనిపడేవీ అవే: ఉండటం, రావడం, చేయడం, చెప్పడం, పెట్టడం.

పుస్తకంలో ఇవి అక్షర క్రమంలో ఉన్నాయి. అలా బట్టీ పడితే ఒక్కటీ నిలవదు. అందుకని ధాతువు మారే తీరును బట్టి విడగొట్టాను. 'ఉ' గుంపు పెద్దది: తెనేర్ (కలిగి ఉండటం)కి తూవె, ఎస్తార్ (ఉండటం)కి ఎస్తూవె, పొదేర్ (చేయగలగడం)కి పూదె, పొనేర్ (పెట్టడం)కి పూసె, సబేర్ (తెలియడం)కి సూపె. 'ఇ' గుంపులో ఈసె (చేశాను), వీనె (వచ్చాను), కీసె (కోరుకున్నాను). 'హ' గుంపులో దీహె (చెప్పాను), త్రాహె (తెచ్చాను), కొందూహె (బండి నడిపాను). ధాతువు మారాక అన్నిటికీ తగిలించే వరస ఒకటే: ఎ, ఈస్తె, ఒ, ఈమొస్, ఈస్తెయిస్, యేరొన్. 'హ' గుంపులో మాత్రం చివరిది ఏరొన్, అంటే దిహేరొన్. ఈస్తెయిస్ ('మీరంతా') రూపం స్పెయిన్‌లో కావాలి, లాటిన్ అమెరికాలో అక్కర్లేదు. నేను దాన్ని పక్కన పెట్టేశాను.

అసలు చిక్కు ఊనికతో, అంటే మాటలో ఒత్తి పలికే చోటుతో. మామూలు క్రియల్లో 'నేను', 'అతను' రూపాలకు ఊనిక చివర పడుతుంది: అబ్లే, అబ్లో. వీటిలో ధాతువు మీద పడుతుంది: తూవె, తూవొ. రాతలో వీటి చివరి అచ్చు మీద గీత (ఊనికను చూపే గుర్తు) ఉండకపోవడానికి కారణం అదే. నోట్‌బుక్‌లో ఊనిక ఉన్నచోట దీర్ఘం పెట్టి తెలుగులోనే రాసుకుంటున్నాను, పైన రాసినట్టే. అది గుర్తు మాత్రమే, మన దీర్ఘమంత సాగదీయకూడదు. రోమన్ లిపి కంటే ఇదే నాకు బాగా పనిచేస్తోంది.

'వెళ్లాను'కీ 'అయి ఉన్నాను'కీ ఒకే రూపం, ఫుయ్. వినగానే టెన్షన్ పుట్టిస్తుంది గానీ వాక్యంలో ఇబ్బందే లేదు. ఫుయ్ ఆ మద్రీద్ అంటే వెళ్లడమే. పాత ముద్రణల్లో ఫ్వె (వెళ్లాడు), ద్యొ (ఇచ్చాడు), వ్యొ (చూశాడు) రూపాల మీద గీత కనిపిస్తే కంగారు పడొద్దు, 1959లో అమల్లోకి వచ్చిన రాత నియమాలు దాన్ని తీసేశాయి.

ఆంకీ (బట్టీ కార్డుల యాప్) కార్డుల్లో విడి క్రియలు పెట్టడం మానేశాను. 'ఆయేర్' (నిన్న) తో మొదలయ్యే వాక్యం పెట్టి, క్రియ చోటు ఖాళీగా వదులుతున్నాను. అందార్ (నడవడం) కార్డు మాత్రం ఇంకా తిప్పలు పెడుతోంది. సరైన రూపం అందూవె. స్పానిష్ మాతృభాషగా ఉన్నవాళ్లలోనే అందే అనేవాళ్లు ఉన్నారు కాబట్టి దానికి నెమ్మదిగా టైమ్ ఇస్తాను.

తర్వాత పిద్యో (అడిగాడు), దుర్మ్యో (నిద్రపోయాడు) లాంటివి. వాటిలో ధాతువు 'అతను', 'వాళ్లు' రూపాల్లోనే మారుతుంది, కాబట్టి ఒక్కో క్రియకి రెండు కార్డులు చాలు.