"మా వంశంలోనే ఉందండి" అనే ముందు

ఒడిశాలో బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు తెలుగిళ్లలో బీపీ గురించో షుగర్ గురించో అడిగితే మొదట వచ్చే జవాబు "మా వంశంలోనే ఉందండి". ఆ మాటతో అడగడం ఆగిపోతుంది. అసలు అడగాల్సింది అక్కణ్ణుంచే. ఒకింటివాళ్లు తరతరాలుగా పంచుకునేది రక్తమొక్కటే కాదు. ఉప్పు జాడీ, పొయ్యి పొగ, పొగాకు అలవాటు కూడా అందరివీ ఒకటే.

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు తరాలు గీయండి. ఒక్కొక్కరి పేరు పక్కన జబ్బు, అది బయటపడిన వయసు, ఉన్న ఊరు, చేసిన పని రాయండి. అన్నిటికంటే వయసే ముఖ్యం. తండ్రికో అన్నదమ్ములకో 55 లోపు, తల్లికో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెపోటు వచ్చి ఉంటే వారసత్వపు ముప్పుగా లెక్కపెట్టాలి. తాతకి 78వ ఏట వచ్చినదాన్ని వంశం ఖాతాలో వేయనక్కర్లేదు.

చాలామంది కోడళ్లని వదిలేస్తారు. వాళ్లనీ రాయాలి. ఏ రక్తసంబంధమూ లేని ఇంటి నుంచి వచ్చిన ఇద్దరు కోడళ్లకీ పదేళ్లలో బీపీ పట్టుకుందంటే ముందు వంటింటిని అనుమానించండి. కోడలు మేనకోడలే అయితే మాత్రం ఈ కొలత పనికిరాదు. మేనరికాలకి కాగితం మీద జంట గీత గీయండి. బావామరదళ్లు జన్యువుల్లో ఎనిమిదో వంతు పంచుకుంటారు, మేనమామా మేనకోడలూ నాలుగో వంతు. చుట్టూ ఉన్న ఒడియావాళ్లలో ఎక్కువమందికి ఈ పెళ్లిళ్ల ఆచారం లేదు కాబట్టి అక్కడి డాక్టరు తనంతట తాను అడక్కపోవచ్చు. మీరే చెప్పండి. ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసినప్పుడు వచ్చే సికిల్‌సెల్ (ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే రక్తపు జబ్బు) లాంటి వాటికి మేనరికం ముప్పు పెంచుతుంది.

ఇక ఉప్పు. పెద్దవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు. నలుగురు పెద్దవాళ్లున్న ఇంటికి నెలకి 600 గ్రాములన్నమాట, పచ్చళ్లూ ఎండుచేపలూ అన్నీ కలిపి. ఉప్పు ప్యాకెట్ తెరిచిన రోజున దాని మీద తేదీ రాసిపెట్టండి. కిలో ప్యాకెట్ నెలకి అయిపోతుంటే తలకి 8 గ్రాములు దాటినట్టే, ఎండుచేప ఉప్పు ఇంకా కలపనేలేదు. కడుగునీళ్లలో పోయేది కొంత తీసేసినా లెక్క పెద్దగా మారదు. ఎండుచేపని వేడినీళ్లలో అరగంట నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, మళ్లీ మంచినీళ్లు పోసి కడగండి. ఆ కూరలో విడిగా ఉప్పు వేయకండి. పొరపాటు జరిగేది ఎక్కువగా ఇక్కడే: చేప నానబెడతారు, ఆనక అలవాటు కొద్దీ చెయ్యి ఉప్పు డబ్బాలోకి పోతుంది. పఖాళ (నీళ్లు పోసి నానబెట్టిన అన్నం) పక్కన పెట్టుకునే చిటికెడూ లెక్కలోదే. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టర్ని అడక్కుండా వాడకూడదు.

పొగాకు గురించి అడిగే తీరు మార్చాలి. "పొగాకు వాడతారా?" అంటే లేదంటారు. "పళ్లకి గుడాకు రాస్తారా?" అంటే రోజుకి మూడుసార్లంటారు. గుడాకు పళ్లపొడి కాదు, బెల్లపు మడ్డితో కలిపిన పొగాకు ముద్ద.

గంజాం తీరంలో పెద్ద వయసు ఆడవాళ్లకి అడ్డపొగ అలవాటు ఉంది, అంటే చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. పొగతో పాటు నిప్పు వేడి తిన్నగా అంగిలికి తగులుతుంది. నెలకోసారి పగటి వెలుతురులో తల వెనక్కి వాల్చమని, టార్చి వేసి అంగిలి చూడండి. మామూలు అంగిలి లేత గులాబీ రంగులో ఉంటుంది. అడ్డపొగ తాగేవాళ్లది తెల్లబారి మందమవుతుంది, మధ్యలో ఎర్రచుక్క ఉన్న చిన్న బుడిపెలు లేస్తాయి. అవి ఉమ్మి గ్రంథుల నోళ్లు. మానేస్తే ఈ తెల్లదనం చాలామందిలో తగ్గుతుంది. తెలుపు కంటే ఎర్రటి మచ్చ ప్రమాదకరం. ఎర్రమచ్చ గానీ మానని పుండు గానీ రెండు వారాలు దాటితే నోటి డాక్టరుకి చూపించి తీరాలి. "నొప్పి లేదు కదా" అని ఆగొద్దు, నోటి క్యాన్సర్ మొదట్లో చాలాసార్లు నొప్పి పెట్టదు.

బీపీ చూసే అరగంట ముందు టీ, చుట్ట, గుడాకు ఏవీ వద్దు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చుని, చెయ్యి గుండె ఎత్తులో పెట్టాలి. చెయ్యి వేలాడేసినా, లావు చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె ఎక్కువ చూపిస్తుంది.

సికిల్‌సెల్ ఎక్కువగా కనిపించే రాయగడ, కోరాపుట్ వైపు ఉన్నవాళ్లకి షుగర్ పరీక్షలో ఒక జాగ్రత్త. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్రకణాల ఆయుష్షు మీద ఆధారపడుతుంది. సికిల్‌సెల్ జబ్బున్నా, జీ6పీడీ (ఎర్రకణాలని కాపాడే ఎంజైమ్) లోపమున్నా ఆ కణాలు ముందే చచ్చిపోవచ్చు. అప్పుడు షుగర్ ఉన్నా అంకె తక్కువొస్తుంది. మీరు గీసిన మూడు తరాల కాగితంలో సికిల్‌సెల్ కనిపిస్తే, డాక్టరు పరీక్ష రాసివ్వకముందే ఆ సంగతి చెప్పండి, పరగడుపు షుగర్, గ్లూకోజు తాగించి రెండు గంటలకి చూసే షుగర్ చేయించమని అడగండి. పరగడుపున 126 గానీ, రెండు గంటలకి 200 గానీ, అంతకంటే ఎక్కువ గానీ వస్తే, ఇంకో రోజు మళ్లీ చేసినా అలాగే వస్తే, హెచ్‌బీఏ1సీ ఎంత బాగున్నా షుగర్ ఉన్నట్టే.