తాతయ్య పేరు

మా వాడికి మామగారి పేరు పెట్టాం, విశ్వనాథ్ అని. పెద్దాయన పేరు నోటితో ఎలా పిలుస్తామని నేనూ, తెనాలిలో ఉన్న అత్తగారూ నాని అనే అంటాం. ఇక్కడ అమెరికాలో, పిట్స్‌బర్గ్‌లో బేస్‌బాల్ టీములో చేరాక కోచ్ విన్నీ అన్నారు. పలకడానికి సులువని, అంతే. ఏప్రిల్లో ఒకరోజు టోపీ లోపలి పట్టీ మీద మార్కరుతో ‘విన్నీ’ అని రాసుకొచ్చాడు. చెమటకి ఆ సిరా నుదుటికి అంటుకుంది. తడిగుడ్డతో తుడుస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ నెలలోనే స్కూల్లో ఒక ప్రాజెక్టు ఇస్తే వాడు రాబర్టో క్లెమెంటే అనే పాతకాలపు బేస్‌బాల్ ఆటగాణ్ణి ఎంచుకున్నాడు. ఈ ఊళ్లో మ్యాచ్‌కి నడిచి వెళ్లే పసుపు వంతెనది ఆయన పేరే. ఇక్కడి బేస్‌బాల్ మైదానం పీఎన్‌సీ పార్కులో కుడివైపు గోడ 21 అడుగులు, ఆయన జెర్సీ నంబరంత ఎత్తు. నాకు తెలిసింది అంతవరకే. రాత్రిళ్లు వాడి పక్కన కూర్చుని చదివాకే మిగతాది తెలిసింది.

1934లో స్పానిష్ మాట్లాడే ప్యూర్టోరికో దీవిలోని కరోలినాలో పుట్టారు. తండ్రి చెరకు తోటల్లో మేస్త్రీ. 1955 నుంచి 18 సీజన్లు ఈ ఊరి టీము పైరేట్స్‌కే ఆడారు. నాలుగుసార్లు బ్యాటింగ్ టైటిల్, ఫీల్డింగ్‌కి వరసగా 12 ఏళ్లు గోల్డ్ గ్లవ్ అవార్డులు. అంతటి ఆటగాణ్ణీ ఆటగాళ్ల బొమ్మలతో వచ్చే బేస్‌బాల్ కార్డుల మీద 1957 నుంచి 1969 దాకా ‘బాబ్’ అనే అచ్చువేశారు. విలేకరులైతే ఆయన ఇంగ్లీషు యాసని ఉన్నదున్నట్టు అక్షరాల్లో పెట్టి వెక్కిరించారు. ఆయన మాత్రం నా పేరు రాబర్టో అనే చెబుతూ వచ్చారు.

వాళ్ల పద్ధతిలో తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు తర్వాత: క్లెమెంటే వాకర్. 1973లో గొప్ప ఆటగాళ్లని గౌరవించే బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన ఫలకం మీద అది తారుమారైంది, 2000లో గాని సరిచేయలేదు. ఫారం నింపిన ప్రతిసారీ ఇంటిపేరు ముందా వెనకా అని ఆగిపోయే మనకి ఆ బాధ ఇంకొకరు చెప్పాలా?

నా మనసు పట్టేసింది మాత్రం 1971. బాల్టిమోర్‌లో ఏడో మ్యాచ్ గెలిచి పైరేట్స్‌కి వరల్డ్ సిరీస్, అంటే ఆ ఏటి బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్, దక్కింది, ఉత్తమ ఆటగాడు ఆయనే. దేశమంతా చూస్తున్న టీవీలో మైకు ముందుకొచ్చి, ఇంగ్లీషు కంటే ముందు స్పానిష్‌లో మాట్లాడారు. తన పిల్లలకి దీవెన చెప్పి, అమ్మానాన్నల దీవెన అడిగారు. ఆ వీడియో పెట్టుకుని చూస్తూ నాని, “అమ్మా, మనం కాళ్లకి దణ్ణం పెడతామే, అదేనా?” అన్నాడు. అదే నాన్నా, అన్నాను.

మరుసటి ఏడు సెప్టెంబరు 30న మూడు వేలవ హిట్ కొట్టారు. డిసెంబరులో నికరాగువాలో మనాగువా భూకంపం వచ్చింది. పంపిన సాయం బాధితులకి అందడం లేదని తెలిసి, 31 రాత్రి తనే విమానమెక్కారు. బరువు మించిన ఆ విమానం కాసేపటికే సముద్రంలో కూలింది. మనిషి దొరకలేదు. ముప్పై ఎనిమిదేళ్లు, ముగ్గురు చిన్నపిల్లలు. అది చదివాక వాడు పుస్తకం మూసి చాలాసేపు నా ఒళ్లో తల పెట్టుకున్నాడు.

శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి తెనాలికి ఫోన్ చేశాం. అక్కడ తెల్లారి ఐదున్నర, మామగారు అరుగు మీద కాఫీ తాగుతున్నారు. “తాతయ్యా, రేపు మ్యాచ్, దీవించు” అన్నాడు వాడు. ఆయన గ్లాసు కింద పెట్టి, చెయ్యెత్తి, “విశ్వనాథం, చిరంజీవ!” అన్నారు. నేను ఉండబట్టలేక, వాడి పేరు ఇక్కడ నేను కూడా పిలవనా మామయ్యగారూ, అని అడిగాను. “వాడి పేరు నువ్వు కాక ఎవరు పిలుస్తారమ్మా?” అన్నారు.

శనివారం వాడే కోచ్ దగ్గరికి వెళ్లి చెప్పాడు. ఆయన రెండుసార్లు తడబడి మూడోసారికి సరిగ్గా అన్నారు. వాడు బ్యాటు పట్టుకుని నిలబడ్డప్పుడు నేనూ లేచి నిలబడి, గొంతెత్తి మామగారి పేరు పిలిచాను.