చన్నీళ్ళలో కలపాలట

బరంపురంలో ఈ వర్షాకాలం నన్ను బాగానే ఏడిపించింది. ల్యాబ్‌లో పాలీవినైల్ ఆల్కహాల్‌తో (నీళ్ళలో కరిగే ఒక రకం ప్లాస్టిక్ పొడి) ఫిల్మ్, అంటే పల్చటి పొర, తయారుచేయాలి. 100 మి.లీ. నీళ్ళకి 5 గ్రాముల పొడి, అంతే. తొందరపడి పొగలు కక్కే నీళ్ళలో ఒక్కసారే కుమ్మరించాను. అన్నీ ఉండలు! పైన జిగురు పొర కట్టేసి, లోపల పొడి పొడిగానే ఉండిపోయింది. రెండు గంటలు తిప్పినా కరగలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒకటే నవ్వు. "జావ కాచేటప్పుడు పిండి ముందు చన్నీళ్ళలో కలుపుకోమా? ఆ మాత్రం తెలీదుటే?"

మర్నాడు అలాగే చేశాను. చన్నీళ్ళలో కొంచెం కొంచెం చల్లుతూ కలిపి, మెల్లగా 90 డిగ్రీల దాకా వేడి చేశాను. గంట తిరిగేసరికి తేటపడింది. బుడగలు పోవాలని రాత్రంతా కదపకుండా ఉంచి, పెట్రీ డిష్‌లో (లోతు తక్కువగా ఉండే చదును గిన్నె) పోశాను. (బల్ల ఒక పక్కకి వాలి ఉందని, ఫిల్మ్ ఒక అంచున మందంగా వచ్చాక గానీ తెలియలేదు.) గోపాలపూర్ వైపు నుంచి వచ్చే సముద్రగాలిలో తేమ ఎక్కువ కదా, ఆరడానికి మూడు రోజులు పట్టింది. మా వీధిలో అప్పడాలు ఒత్తేవాళ్ళకి మబ్బంటే ఎందుకంత టెన్షనో ఇప్పుడు తెలుస్తోంది.

ఈ రోజు బ్లేడుతో అంచు లేపి లాగితే చిరగకుండా మొత్తం ఊడొచ్చింది. అమ్మకి చూపిస్తే వెలుతురులో పట్టి చూసి, "ఉప్పేశావా?" అంది.