చాంగీ నుంచి న్యూయార్క్: 15,300 కిలోమీటర్లు, ఒకే తేదీ

సింగపూర్ చాంగీ నుంచి న్యూయార్క్ కెనడీ విమానాశ్రయానికి సూటి దూరం 15,300 కిలోమీటర్ల పైమాటే. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు, కాబట్టి ఏ రెండు చోట్ల మధ్యా 20,000కు మించి దూరం ఉండే వీల్లేదు. అందులో ముప్పాతిక భాగాన్ని ఎక్కడా దిగకుండా దాటాలన్న కోరికతోనే చలికాలంలో ఈ టిక్కెట్టు కొన్నాను.

బయలుదేరే ముందు గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూశాను. అది దాదాపు ఉత్తర ధ్రువాన్ని తాకుతూ పోయింది. తీరా విమానంలో ఎదుటి తెర మీద గీత జపాన్ వైపు వంగి, పసిఫిక్ మీదుగా సాగింది. దారి పెరిగింది, సమయం తగ్గింది! దీనికి కారణం జెట్ స్ట్రీమ్. పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ఈ గాలి చలికాలంలో జపాన్ దగ్గర గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. గాలిలో విమానం వేగం సుమారు 900. వెనక నుంచి ఈ తోడు దొరికేసరికి తెర మీద నేలవేగం 1,100 దాటింది. అప్పటి నుంచి నాకు సినిమా మీద ధ్యాస పోయింది, ఆ అంకెనే చూస్తూ కూర్చున్నాను.

ఎయిరిండియా 2016లో ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వైపు నుంచి పసిఫిక్ వైపుకు మార్చింది కూడా ఈ గాలి కోసమే. దూరం వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగినా, ప్రయాణం మాత్రం గంటల్లో తగ్గింది.

ఎక్కింది ఎయిర్‌బస్ ఏ350-900 యూఎల్ఆర్ (అల్ట్రా లాంగ్ రేంజ్, అంటే అతి దూర ప్రయాణాల రకం). 1,65,000 లీటర్ల ఇంధనం పడుతుంది. ఆ బరువు మోయాలంటే మనుషుల బరువు తగ్గాలి, అందుకే సీట్లు 161 మాత్రమే. ఎకానమీ తరగతి అసలు లేదు. ఇంత దూరం ఎగరడంలోని కష్టమంతా ఇక్కడే ఉందనిపించింది: చివరి గంటల్లో కాల్చే ఇంధనాన్ని మొదటి గంట నుంచీ మోసుకుపోవాలి, ఆ మోతకే మళ్లీ కొంత ఇంధనం ఖర్చు.

మధ్యాహ్నం పన్నెండు దాటాక బయలుదేరాం. పసిఫిక్ మీద త్వరగా చీకటి పడింది, అంతే త్వరగా తెల్లారింది కూడా. సుమారు పద్దెనిమిది గంటలు ఎగిరి న్యూయార్క్‌లో దిగితే అదే తేదీ, సాయంత్రం. సింగపూర్ గడియారం న్యూయార్క్ కంటే 13 గంటలు ముందుంటుంది, వేసవిలో 12.

తిరుగు ప్రయాణంలో ఈ లెక్క తలకిందులవుతుంది. రాత్రి పదిన్నర ప్రాంతంలో న్యూయార్క్‌లో ఎక్కితే చాంగీలో దిగేది ఎల్లుండి తెల్లవారుజామున. మధ్యలో తేదీ మొత్తం ఆకాశంలోనే గడిచిపోతుంది. సింగపూర్‌లో హోటల్ గానీ, మరో విమానం గానీ బుక్ చేసుకునేవాళ్లు టిక్కెట్టు మీద దిగే సమయం పక్కన ఉండే ‘+2’ చూసుకుని తేదీ వేసుకోవాలి.